పాత కారు స్విచ్చి ఎంత బరువు మోయగలదు?

పిల్లలూ! ముందుగా మీకొక ప్రశ్న. మీ ఇంటి గోడమీది స్విచ్చి 230 వోల్టుల విద్యుత్తును అదుపు చేస్తుంది. కారులోని స్విచ్చి అదుపు చేసేది 12 వోల్టులనే. ఈ రెండు స్విచ్చులలో ఎక్కువ శ్రమ పడేది ఏది?

తరగతిలో ఈ ప్రశ్న వేస్తే ఎక్కువమంది "గోడమీది స్విచ్చే సార్!" అంటారు. తొందరపడకుండా లెక్క వేసి చూద్దాం.

వాట్లు = వోల్టులు × ఆంపియర్లు అని మీరు చదువుకున్నారు కదా. ఇంట్లో 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దానిలో ప్రవహించేది 60 ÷ 230, అంటే సుమారు 0.26 ఆంపియరు. కారులో 60 వాట్ల హెడ్‌లైటు వెలుగుతున్నప్పుడు ప్రవహించేది 60 ÷ 12, అంటే 5 ఆంపియర్లు. ఇది ఇంటి బల్బు ప్రవాహానికి దాదాపు 19 రెట్లు! వెనుకటి జావా మోటారుసైకిళ్లలో ఉన్నది 6 వోల్టుల బ్యాటరీయే. అటువంటి బండికి 60 వాట్ల దీపం పెడితే 10 ఆంపియర్లు కావాలి. వోల్టులు తగ్గినకొద్దీ, అదే వెలుగు కోసం ఆంపియర్లు పెరుగుతాయన్నమాట.

మన పాకాల చెరువును తలచుకోండి. కట్ట వెనుక నీటి ఎత్తు వోల్టుల వంటిది. తూములోంచి పారే నీరు ఆంపియర్ల వంటిది. తూము తలుపే స్విచ్చి. చెరువులో నీటిమట్టం తక్కువగా ఉన్నప్పుడు కూడా కాలువకు అంతే బలం కావాలంటే తూమును వెడల్పు చేసి ఎక్కువ నీరు వదలాలి. కారు స్విచ్చి అలాంటి వెడల్పు తూముకు కట్టిన తలుపు. చూడటానికి చిన్నదే, మోసే బరువు మాత్రం పెద్దది.

పాత బండ్లను భద్రంగా కాపాడుకోవాలంటే మొదట తెలియవలసింది ఈ సంగతే.

పాత బండ్లు - పాత రూపం

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో పని మొదలుపెట్టింది. ఆ కాలపు ఆల్బియన్ బస్సును ఆర్టీసీ హైదరాబాద్‌లో భద్రపరచింది. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే నిజాముల కాలపు రోల్స్‌రాయిస్ కారును చూడవచ్చు. అంత దూరం పోనక్కరలేదు, మన వరంగల్, హనుమకొండ వీధులలో కూడా ఏదో ఒక ఇంటి షెడ్డులో తాతగారి అంబాసిడర్ కారో, మేనమామగారి జావా బండో దుమ్ము కప్పుకొని కనిపిస్తుంది. అంబాసిడర్‌ను హిందుస్థాన్ మోటార్స్‌వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి 2014 వరకు తయారుచేశారు. జావా బండ్లు మైసూరులో తయారయ్యేవి.

ఇటువంటి బండ్లకు ప్రభుత్వం కూడా గౌరవమిస్తున్నది. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్పు చెందకుండా ఉన్న ద్విచక్ర వాహనాలను, కార్లను 'వింటేజ్' వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. నంబరు పలకమీద రాష్ట్రపు అక్షరాల తరువాత 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. వాటిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తీసుకుపోవచ్చు.

అందుకే పాత బండి ఉన్నవారు ప్రతి చిన్న వస్తువూ ఆనాటిదే ఉండాలని కోరుకుంటారు. డ్యాష్‌బోర్డు మీద నల్లని బేకలైటు గుండీ, లాగితే 'టక్'మని వెలిగే స్విచ్చి, పైకీ కిందికీ వాలే ఇత్తడి మీట - వీటి అందమే వేరు. దానితోపాటు, రాత్రి ప్రయాణానికి మరో జత దీపాలు ఉంటే బాగుండునని కూడా అనిపిస్తుంది. పాత స్విచ్చి, కొత్త దీపాలు! చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

చింతగింజంత చోట 13 వాట్ల వేడి

55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు బిగించామనుకోండి. మొత్తం 110 వాట్లు. 12 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్లు. ఓమ్ నియమం ప్రకారం ఆ రెండు దీపాల ఉమ్మడి నిరోధం 1.3 ఓములు.

స్విచ్చి లోపల రెండు లోహపు బిళ్లలు ఒకదానినొకటి తాకుతాయి. స్విచ్చి కొత్తగా ఉన్నప్పుడు ఆ తాకిడి దగ్గర నిరోధం దాదాపు ఉండదు. యాభై ఏళ్ల స్విచ్చిలో చిలుము పట్టి ఉంటుంది, స్ప్రింగు వదులై ఉంటుంది. అక్కడ కేవలం 0.2 ఓము నిరోధం పుట్టిందనుకుందాం. ఎంత వేడి పుడుతుందో చూడండి:

మొత్తం నిరోధం = 1.3 + 0.2 = 1.5 ఓములు
విద్యుత్ ప్రవాహం = 12 ÷ 1.5 = 8 ఆంపియర్లు
దీపాలకు అందే వోల్టులు = 8 × 1.3 = 10.4
స్విచ్చిలో పుట్టే వేడి = 8 × 8 × 0.2 = 12.8 వాట్లు

రేడియో బాగుచేసేవారి చేతిలో ఉండే చిన్న టంకపు కడ్డీ 25 వాట్లది. అందులో సగం వేడి, చింతగింజంత చోట, డ్యాష్‌బోర్డు వెనుక, గాలి ఆడని మూలలో పుడుతున్నదన్నమాట. ఆ చుట్టుపక్కల ఏమున్నాయి? గుడ్డ చుట్టిన పాత రబ్బరు తీగలు. ఆ రబ్బరు ఎండి, పట్టుకుంటేనే పొడిపొడిగా రాలుతుంది. దీపాలు మసకబారితే "బ్యాటరీ తగ్గినట్టుంది" అనుకుంటాం. నిజానికి ఆ వెలుగే వేడిగా మారి స్విచ్చిని కాలుస్తున్నది. పాత బండ్లలో ఉన్నట్టుండి పొగ రావడానికి ఇదొక ముఖ్య కారణం.

మరో రెండు సంగతులు కూడా గుర్తుంచుకోండి. చల్లగా ఉన్న బల్బు తీగ నిరోధం, వెలిగినప్పటి నిరోధంలో సుమారు పదోవంతే ఉంటుంది. కాబట్టి దీపం వేసిన మొదటి క్షణంలో ప్రవాహం ఎన్నో రెట్లు ఎక్కువగా దూకుతుంది. దీపాల స్విచ్చికి వేసే క్షణం గడ్డు క్షణం. హారన్, వైపరు మోటారు వంటి వాటిలో తీగచుట్టలు ఉంటాయి. వలయం తెగేటప్పుడు అవి రవ్వలు పుట్టిస్తాయి. వాటి స్విచ్చికి ఆపే క్షణం గడ్డు క్షణం. ఇంటి విద్యుత్తు ఏకాంతర విద్యుత్తు కనుక సెకనుకు 100 సార్లు సున్నాకు వచ్చి పోతుంది. అందువల్ల రవ్వ ఆరిపోవడం తేలిక. బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు, దానికి ఆ విరామం లేదు. 'ఇంటి స్విచ్చి 230 వోల్టులకే ఆగుతుంది, 12 వోల్టులకు ఆగదా!' అనే వాదన ఇందుకే నిలవదు.

చిన్న పని స్విచ్చికి, పెద్ద పని రిలేకు

మరి పాత స్విచ్చిని పారేయవలసిందేనా? అక్కరలేదు. దాని చేత చిన్న పని చేయిస్తే చాలు.

విద్యుదయస్కాంతం మీకు తెలుసు. ఇనుప కడ్డీకి తీగ చుట్టి విద్యుత్తును పంపితే అది అయస్కాంతం అవుతుంది. ఆపితే ఆ గుణం పోతుంది. ఆ అయస్కాంతం ఒక ఇనుప రేకును లాగి, ఆ రేకు వేరొక వలయాన్ని కలిపేటట్లు అమరిస్తే దానినే 'రిలే' అంటారు. 1830లలో అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ ఈ ఉపాయాన్ని చూపాడు. టెలిగ్రాఫ్ వార్తలు వందల మైళ్లు సాగడానికి తోడ్పడినది ఇదే.

కారు రిలేలోని తీగచుట్టకు 12 వోల్టుల దగ్గర సుమారు 0.15 ఆంపియరు చాలు. ఇప్పుడు మన పాత స్విచ్చి మోసేది ఆ 0.15 ఆంపియరునే. అదే 0.2 ఓము చిలుము ఉన్నా పుట్టే వేడి 0.15 × 0.15 × 0.2 = 0.0045 వాటు. మొదట 12.8 వాట్లు, ఇప్పుడు 0.0045 వాటు! ప్రవాహం 53 రెట్లు తగ్గితే వేడి 2,800 రెట్లు తగ్గింది. వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని పుస్తకంలో చదివిన వాక్యానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

'రిలే పెడితే బండి పాతదనం పోదా?' అని మీకు అనుమానం రావచ్చు. పోదు. డైనమో ఉన్న ప్రతి పాత కారులోనూ 'కటౌట్' అనే భాగం ఉండేది. ఇంజను ఆగినప్పుడు బ్యాటరీ విద్యుత్తు డైనమోలోకి వెనక్కి పోకుండా వలయాన్ని తెంచేది అదే. అదీ ఒక రిలేయే. బ్రిటన్‌లో లూకాస్ సంస్థ ఆ రోజులలోనే హారన్ వంటి వాటికి రిలేలు తయారుచేసింది. వాటిమీద తీగచుట్ట కొసలకు డబ్ల్యూ1, డబ్ల్యూ2 అనీ, కలిపే బిళ్లలకు సీ1, సీ2 అనీ గుర్తులుంటాయి. నేటి రిలేలమీద తీగచుట్టకు 85, 86 అనీ, బిళ్లలకు 30, 87 అనీ ఉంటాయి. బ్యాటరీనుంచి ఫ్యూజు మీదుగా వచ్చే తీగ 30కి, దీపానికి పోయే తీగ 87కు కలపాలి. 85, 86లలో ఒకటి స్విచ్చికి, మరొకటి ఎర్తుకు పోతాయి.

ఫ్యూజు ఎవరి కాపలాదారు?

ఫ్యూజు దీపాన్ని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది తీగను. కారులో ప్రతి దీపానికీ రెండు తీగలుండవు. ఒక కొస తీగకు, రెండో కొస కారు శరీరానికి కలిపి ఉంటాయి. ఆ లోహపు శరీరమే తిరుగు దారి, దానినే ఎర్తు అంటాం. ఇంజను గదిలోంచి లోపలికి వచ్చే తీగ, రేకు రంధ్రపు అంచుకు రాసుకొని తొడుగు చిరిగితే ఏమవుతుంది? దారిలో దీపం లేదు, నిరోధం లేదు. వందల ఆంపియర్లు ఒక్కసారిగా ప్రవహించి క్షణాలలో తీగ ఎర్రగా కాలుతుంది. అందుకే రంధ్రానికి రబ్బరు తొడుగు వేయాలి. ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఫ్యూజుకు ముందున్న తీగకు కాపలా లేదని గుర్తుంచుకోండి.

మన ఉదాహరణలోని 9 ఆంపియర్లకు 15 ఆంపియర్ల ఫ్యూజు, 2 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగితీగ సరిపోతాయి.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉన్నది. లూకాస్ పాత గాజు ఫ్యూజుమీద 35 అని ఉంటే, అంత ప్రవాహం వస్తే తెగిపోతుందని అర్థం. అది నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. నేటి ఫ్యూజుమీద అంకె ఉన్నది తెగే ప్రవాహాన్ని చెప్పడానికి కాదు, మోసే ప్రవాహాన్ని చెప్పడానికి. పాత 35 స్థానంలో నేటి 35 పెడితే కాపలాదారు సగం నిద్రపోయినట్లే. అంకెలు ఒకటే, అర్థాలు వేరు!

తీగల రంగులు చదవడం

అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు. అందుచేత పాత అంబాసిడర్ తీగలకు ఆ దేశపు రంగుల పద్ధతి కనిపిస్తుంది:

గోధుమ రంగు - బ్యాటరీనుంచి ఎప్పుడూ విద్యుత్తు ఉండేది, ఫ్యూజు లేనిది
తెలుపు - తాళంచెవి తిప్పితేనే విద్యుత్తు వచ్చేది
ఆకుపచ్చ - తాళంచెవి తరువాత ఫ్యూజు కూడా దాటి వచ్చేది
ఊదా - ఫ్యూజు దాటి, ఎప్పుడూ విద్యుత్తు ఉండేది
నీలం - హెడ్‌లైట్లు
ఎరుపు - చిన్న దీపాలు
నలుపు - ఎర్తు

మన రిలే తీగచుట్టకు వెళ్లే స్విచ్చికి ఆకుపచ్చ తీగనుంచి విద్యుత్తు తీసుకోవడం మంచిది. తాళంచెవి తీయగానే దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. మరచిపోయినా తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ కాదు. అయితే రంగులను గుడ్డిగా నమ్మకూడదు. యాభై ఏళ్లలో ఎందరు మెకానిక్కులు చేతికందిన తీగ వేసి ఉంటారో! పరీక్ష బల్బుతో సరిచూసుకోవలసిందే.

ఇంకొక విచిత్రం. బ్రిటన్‌లో తయారైన ఎన్నో పాత కార్లలో బ్యాటరీ ధన ధ్రువం శరీరానికి కలిపి ఉండేది. బల్బుకు, స్విచ్చికి, మామూలు రిలేకు ఏ ధ్రువం ఎటున్నా తేడా లేదు. రేడియోకు, ఎల్‌ఈడీ దీపానికి, లోపల డయోడు ఉన్న రిలేకు తేడా ఉన్నది. తారుమారైతే అవి పాడవుతాయి. బండి ఏ పద్ధతిదో బ్యాటరీ దగ్గర చూసి తెలుసుకున్నాకే పని మొదలుపెట్టాలి.

ఆనాటి స్విచ్చిని వెతకడం, పరీక్షించడం

కొత్త దుకాణాలలో ఇవి దొరకవు. పాత బండ్లు విప్పే చోట దొరుకుతాయి. వరంగల్ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్, ప్రతి గురువారం హైదరాబాద్‌లో జరిగే జుమ్మేరాత్ బజార్, విజయవాడ ఆటోనగర్ - ఇవి ఓపికతో వెతకవలసిన చోట్లు. వెళ్లేటప్పుడు చెడిపోయిన స్విచ్చిని వెంట తీసుకుపోవాలి. దాని వెనుక ముద్రించిన అంకె, మెడ మర వ్యాసం, వెనుక ఎన్ని కొసలున్నాయి అనేవి కాగితంమీద రాసుకోవాలి. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేని సామాను, బిల్లు ఇవ్వని సామాను కొనవద్దు.

బేకలైటును గుర్తించడం ఒక సరదా. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన ఈ పదార్థం ఒకసారి గట్టిపడ్డాక వేడికి మళ్లీ కరగదు. స్విచ్చులకు దానిని వాడటానికి కారణం అదే. గుండీని వేడినీటిలో క్షణం ముంచి వాసన చూడండి. ఫినాయిలును తలపించే ఘాటు వాసన వస్తే బేకలైటు కావచ్చు. మామూలు ప్లాస్టిక్‌కు ఆ వాసన ఉండదు.

పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక టార్చి సెల్లు, బల్బు, రెండు తీగలు చాలు. స్విచ్చి కొసలను రెండేసి చొప్పున కలిపి, మీటను అటూ ఇటూ మార్చి, బల్బు ఎప్పుడు వెలుగుతున్నదో పట్టిక వేయండి. మూడు కొసలున్న స్విచ్చి రహస్యం ఆ పట్టికలో బయటపడుతుంది. కాని బల్బు వెలిగినంత మాత్రాన స్విచ్చి బాగున్నట్లు కాదు. టార్చి బల్బుకు కావలసిన ప్రవాహం అతిస్వల్పం. నిజమైన పరీక్ష వేరే ఉన్నది: దీపాలు వెలుగుతుండగా మల్టీమీటరు కొసలను స్విచ్చి రెండు కొసలమీద ఉంచాలి. 0.2 వోల్టుకంటే ఎక్కువ చూపితే లోపల చిలుము ఉన్నట్లే.

విప్పడానికి వీలైన ఇత్తడి బిళ్లలను చింతపండుతో తోమవచ్చు. అమ్మ పండుగకు దీపపు కుందులు తోమే పద్ధతే ఇది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. తరువాత మంచినీటితో బాగా కడిగి ఎండబెట్టకపోతే ఆ ఆమ్లమే మళ్లీ లోహాన్ని తింటుంది. వెండి పూత ఉన్న బిళ్లలను గరుకు కాగితంతో రుద్దవద్దు, పూత పోతుంది.

బిగించేటప్పుడు డ్యాష్‌బోర్డుకు కొత్త రంధ్రం చేయవద్దు. కింది అంచుకు చిన్న రేకు పట్టీ తగిలించి దానికి స్విచ్చి బిగిస్తే చాలు. రేపు ఎవరైనా తీసివేయాలనుకుంటే బండి మొదటి రూపం చెక్కుచెదరకుండా ఉంటుంది. రంధ్రం చేయడానికి ఒక నిమిషం చాలు, పూడ్చడానికి ఒక జీవితం చాలదు.

జాగ్రత్త! 12 వోల్టులు షాక్ కొట్టవు, కాని కాలుస్తాయి. చేతి కడియమో ఉంగరమో బ్యాటరీకీ శరీరానికీ మధ్య ఇరుక్కుంటే క్షణంలో ఎర్రగా కాలుతుంది. వాటిని తీసిపెట్టి, ముందుగా బ్యాటరీ ఎర్తు తీగ విప్పించాకే ఏ పనైనా. బండిమీద పని పెద్దల సమక్షంలోనే చేయాలి. మీరు ఇంట్లో ఒంటరిగా చేయదగినది ఈ కింది ప్రయోగం.

చేసి చూడండి

కావలసినవి: మూడంగుళాల ఇనుప మేకు, ఎనామిల్ పూసిన సన్నని రాగితీగ, పాలపొడి డబ్బా రేకు ముక్క (పెద్దలతో కత్తిరించి, అంచులు మడిపించుకోండి), మూడు టార్చి సెల్లులు, టార్చి బల్బు, చెక్క పలక.

మేకుకు 200 చుట్లు తీగ చుట్టి, తల పైకి ఉండేలా పలకకు నిలబెట్టండి. రేకు ముక్క ఒక కొసను చిన్న చెక్క దిమ్మకు బిగించి, రెండో కొస మేకు తలకు 2 మిల్లీమీటర్ల పైన ఉండేలా అమర్చండి. మేకు పక్కన ఒక పూత లేని రాగితీగను, రేకు కిందికి వంగితే తగిలేటట్లు నిలపండి. ఇది బల్బు వలయం: రెండు సెల్లులు, బల్బు, రేకు, రాగితీగ. మూడో సెల్లును తీగచుట్ట కొసలకు తాకించండి. (కొసల దగ్గర ఎనామిల్ గీకాలి.) రేకు 'టిక్'మని వంగుతుంది, బల్బు వెలుగుతుంది! ఒక వలయం రెండో వలయాన్ని ఎక్కడా తాకకుండానే ఆజ్ఞాపించిందన్నమాట. రెండు మూడు సెకన్లకంటే ఎక్కువసేపు ఉంచవద్దు, తీగచుట్ట వేడెక్కుతుంది.

ఆలోచించండి

1. 6 వోల్టుల మోటారుసైకిలుకు 36 వాట్ల దీపం పెడితే ఎన్ని ఆంపియర్లు? అదే దీపం 12 వోల్టులదైతే ఎన్ని?

2. స్విచ్చి వేస్తే రిలే 'టిక్'మంటున్నది, దీపం మాత్రం వెలగడం లేదు. లోపం స్విచ్చి వలయంలో ఉన్నదా, దీపం వలయంలో ఉన్నదా? ఎలా చెప్పగలరు?

3. మీ వీధిలో ఉన్న పాత బండిలో ఫ్యూజులు ఎన్ని? బండి ఆసామిని అడిగి చూడండి. హెడ్‌లైట్లకు అసలు ఫ్యూజు ఉన్నదా?

మూడో ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు. ఎన్నో పాత బ్రిటిష్ నమూనా కార్లలో ఫ్యూజులు రెండే ఉండేవి, హెడ్‌లైట్లకు ఒక్కటీ ఉండేది కాదు. అటువంటి బండి మీకు కనిపిస్తే, ఈ పాఠం ఆ ఆసామికి చదివి వినిపించండి.